పైథాన్ వెబ్ యాప్‌ను క్లౌడ్‌లో పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లాస్క్, జాంగో, ఫాస్ట్‌ఏపీఐ లాంటి ఏదో ఒక పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో యాప్ రాసుకుని, సొంత కంప్యూటర్లో చక్కగా నడవడం చూసుకుని, ఇక నలుగురికీ చూపిద్దామని క్లౌడ్‌కి ఎక్కించబోయేవాళ్లు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు ఒకచోట పెడుతున్నాను. మొదటి నుంచి చదవనక్కర్లేదు, మీరు ఆగిపోయిన చోటికే నేరుగా వెళ్లండి. కోడ్ ఇస్తే సర్వర్ సంగతి తామే చూసుకునే హెరోకు, రెండర్, గూగుల్ క్లౌడ్ రన్ లాంటి ప్లాట్‌ఫామ్‌లను దృష్టిలో పెట్టుకుని రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఫ్లాస్క్ రన్ అని కొడితే యాప్ నడుస్తోంది కదా, క్లౌడ్‌లో కూడా అదే కమాండ్ ఇస్తే సరిపోదా?

సరిపోదు. ఆ కమాండ్ కొట్టగానే తెరమీద వచ్చే హెచ్చరిక చదవండి: ఇది డెవలప్‌మెంట్ సర్వర్, ప్రొడక్షన్‌లో వాడొద్దు అని అదే చెబుతుంది. జాంగో రన్‌సర్వర్ కూడా ఇంతే. కోడ్ మార్చిన వెంటనే ఫలితం చూపించడానికి తయారైనవి ఇవి. రద్దీని, దాడులను తట్టుకోవడం వాటి పని కాదు. పైగా డీబగ్ మోడ్ ఆన్‌లో ఉండిపోతే ఎర్రర్ పేజీలో మీ కోడ్ ముక్కలు, సెట్టింగులు ఊరందరికీ కనబడతాయి.

దీని స్థానంలో గునికార్న్ లాంటి అసలు సర్వర్ పెట్టాలి. ఏ ఫ్రేమ్‌వర్క్ అయినా ఏ సర్వర్‌తోనైనా కలవడానికి 2003లో వచ్చిన డబ్ల్యూఎస్‌జీఐ అనే ఒప్పందం కారణం. పైథాన్ 3కి తగ్గట్టు 2010లో దాన్ని సవరించారు. అందుకే సర్వర్ మారినా మీ కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చే పని ఉండదు.

గునికార్న్, యువికార్న్... నాకు ఏది కావాలి?

ఫ్లాస్క్, మామూలు జాంగో అయితే గునికార్న్. ఫాస్ట్‌ఏపీఐ అయితే యువికార్న్, ఎందుకంటే అది ఏఎస్‌జీఐ అనే వేరే ఒప్పందం మీద నడుస్తుంది. ఫాస్ట్‌ఏపీఐ యాప్‌ను గునికార్న్ మామూలు వర్కర్‌కి (రిక్వెస్ట్‌లు అందుకుని యాప్‌ను నడిపే ప్రాసెస్‌కి) అప్పగిస్తే మొదట అంతా బాగున్నట్టే ఉంటుంది. మొదటి రిక్వెస్ట్ రాగానే "సెండ్ అనే ఆర్గ్యుమెంట్ లేదు" అంటూ టైప్‌ఎర్రర్ వస్తుంది. ఆ మాట కనబడితే తప్పు సర్వర్ ఎంచుకున్నారని అర్థం.

విండోస్‌లో గునికార్న్ నడవదు. అక్కడ పరీక్షించుకోవాలంటే వెయిట్రెస్ వాడండి. క్లౌడ్‌లో ఉండేది లైనక్స్ కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

ఉచిత ప్లాన్ చాలా?

నేర్చుకోవడానికి, స్నేహితులకు చూపించడానికి చాలు. నిజంగా జనం ఆధారపడే యాప్‌కి చాలదు. రెండర్ ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ రాకపోతే యాప్ నిద్రపోతుంది. తర్వాత వచ్చిన మొదటి మనిషి అది లేచేదాకా ఆగాలి. ఉచితం అన్నది ఎప్పటికీ ఉంటుందనీ నమ్మకూడదు. ఎంతోమంది మొదటి యాప్‌కి ఇల్లైన హెరోకు 2022 నవంబరులో ఉచిత ప్లాన్ తీసేసింది. కాబట్టి ఒకే ప్లాట్‌ఫామ్‌కి మాత్రమే తెలిసిన కిటుకులు కోడ్‌లో నింపకండి.

## కోడ్‌ను సిద్ధం చేసేటప్పుడు

నా దగ్గర నడుస్తోంది, అక్కడ మాత్రం "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటోంది. ఎందుకు?

మీ కంప్యూటర్లో ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలు ఉన్నాయి. క్లౌడ్ మెషిన్ మాత్రం ఖాళీగా మొదలవుతుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో రాసినవే దానికి తెలుసు. ప్రాజెక్టుకి విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, అందులోంచి పిప్ ఫ్రీజ్‌తో ఆ ఫైల్ తయారుచేయండి. బయట మామూలు పైథాన్‌లోంచి తీస్తే సంబంధం లేని లైబ్రరీలు వందొచ్చి పడతాయి. విండోస్‌లో తీసిన జాబితాలో పైవిన్32 ఉంటే బిల్డ్ (క్లౌడ్ మెషిన్ మీద యాప్‌ను సిద్ధం చేసే దశ) అక్కడే ఆగిపోతుంది, లైనక్స్‌కి అది దొరకదు. ఇంపోర్ట్ చేసే పేరు, ఇన్‌స్టాల్ చేసే పేరు వేరువేరుగా ఉండే లైబ్రరీలతో కూడా జాగ్రత్త: కోడ్‌లో పీఐఎల్ అని పిలిచేదాని అసలు ప్యాకేజీ పేరు పిల్లో. గునికార్న్ పేరు కూడా జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఎక్కువమంది మర్చిపోయేది దాన్నే.

వెర్షన్ నంబర్లు రాయాలా? పేర్లు రాస్తే చాలదా?

రాయాలి, ప్రతిదానికీ. 2023 సెప్టెంబరు చివర్లో, ఫ్లాస్క్ లోపల వాడుకునే వెర్క్‌జూగ్ అనే లైబ్రరీ 3.0 వెర్షన్ వచ్చినప్పుడు, ఫ్లాస్క్ పాత వెర్షన్ మాత్రమే రాసి వెర్క్‌జూగ్ గురించి రాయని యాప్‌లు ఒక్కసారిగా కూలాయి. "యూఆర్ఎల్‌కోట్ ఇంపోర్ట్ కావడం లేదు" అన్న ఎర్రర్. వాళ్లెవరూ కోడ్ ముట్టుకోలేదు, మళ్లీ డిప్లాయ్ చేశారంతే, అంటే క్లౌడ్‌కి ఎక్కించారంతే. బిల్డ్ జరిగిన ప్రతిసారీ కొత్త వెర్షన్లు దిగాయి, అందులో ఒకటి పాత ఫ్లాస్క్‌తో పొసగలేదు. మీరు పేరు పెట్టి అడగని లైబ్రరీలు కూడా మీ యాప్‌లో భాగమే.

పైథాన్ వెర్షన్ కూడా రాసి ఉంచండి. రాయకపోతే ప్లాట్‌ఫామ్ తనకు నచ్చినది ఇస్తుంది, అది ఎప్పుడో ఒకనాడు మారుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో, లైబ్రరీలను బిల్డ్ చేయడానికి వాడే డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్‌ను తీసేశారు. దానిమీద ఆధారపడిన పాత లైబ్రరీలు ఆ వెర్షన్‌లో బిల్డ్ కావు.

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు ఎక్కడ పెట్టాలి?

కోడ్‌లో ఎక్కడా పెట్టకూడదు. ప్లాట్‌ఫామ్ సెట్టింగుల్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని ఉంటుంది, అక్కడ పెట్టి కోడ్‌లోంచి చదువుకోవాలి. సొంత కంప్యూటర్లో వాటిని ఎన్వ్ ఫైల్‌లో పెట్టుకుని, అది గిట్‌లోకి వెళ్లకుండా దాని పేరు గిట్‌ఇగ్నోర్‌లో రాయండి.

పొరపాటున కీ గిట్‌లోకి వెళ్లిపోతే, తర్వాతి కమిట్‌లో తీసేస్తే సరిపోదు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. చేయవలసిన మొదటి పని ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాత. పబ్లిక్ రిపాజిటరీల్లో కీల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి, కాబట్టి "ఎవరు చూస్తార్లే" అనుకోవద్దు.

డీబగ్‌ను ఫాల్స్ అని పెట్టాను, అయినా డీబగ్ పేజీయే వస్తోంది. ఇదెలా?

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండేది ఎప్పుడూ అక్షరాలే, ట్రూ-ఫాల్స్ కాదు. మీరు రాసిన ఫాల్స్ కోడ్‌లోకి ఐదు అక్షరాల స్ట్రింగ్‌గా వస్తుంది. ఖాళీగా లేని స్ట్రింగ్ ఏదైనా పైథాన్ దృష్టిలో ట్రూ. కాబట్టి బూల్‌లో వేసి చూస్తే ఫాల్స్ అన్న మాటే ట్రూ అవుతుంది. విలువను చిన్న అక్షరాల్లోకి మార్చి, అది "ట్రూ" అన్న పదంతో సమానమా అని పోల్చండి. వేరియబుల్ అసలు లేకపోతే డీబగ్ ఆఫ్‌లో ఉండేలా రాయండి. మర్చిపోయినా నష్టం జరగకూడదు.

"టెంప్లేట్ నాట్ ఫౌండ్" అంటోంది, ఫైల్ కళ్లముందే ఉంది!

పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం చూడండి. విండోస్, మ్యాక్ మామూలుగా ఆ తేడా పట్టించుకోవు, లైనక్స్ పట్టించుకుంటుంది. నేను ఒక సాయంత్రమంతా దీనిమీదే పోగొట్టుకున్నాను. ఫోల్డర్ పేరు టెంప్లేట్స్, మొదటి అక్షరం పెద్ద టీ. ఫ్లాస్క్ వెతికేది చిన్న టీతో. నా మ్యాక్‌లో రెండూ ఒకటే. పేరు మార్చి మళ్లీ పుష్ చేశాను, అదే ఎర్రర్. ఎందుకంటే అక్షరం సైజు మాత్రమే మారితే మ్యాక్‌లో గిట్ దాన్ని మార్పుగా గుర్తించలేదు, రిపాజిటరీలో పాత పేరే ఉండిపోయింది. గిట్ ఎంవీ కమాండ్‌తో పేరు మార్చాకే తీరింది. మీ ఫోల్డర్‌లో కాకుండా రిపాజిటరీ వెబ్ పేజీలో పేరు ఎలా కనబడుతోందో చూడండి. క్లౌడ్‌కి చేరేది అదే.

## బిల్డ్ అయ్యాక, లేవకపోతే

బిల్డ్ సక్సెస్ అంటోంది, పేజీ మాత్రం తెరుచుకోదు. ఏం చేయాలి?

పది మందిలో ఎక్కువమందికి ఇది పోర్ట్ సమస్యే. ఇందులో రెండు విషయాలున్నాయి, రెండూ సరిగ్గా ఉండాలి.

ఒకటి, పోర్ట్ నంబరు. మీ కంప్యూటర్లో 5000 అనో 8000 అనో మీరు నిర్ణయించారు. క్లౌడ్‌లో నిర్ణయించేది ప్లాట్‌ఫామ్. పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ నంబరు ఇస్తుంది. రెండర్‌లో మామూలుగా 10000, క్లౌడ్ రన్‌లో 8080. హెరోకులో ప్రతిసారీ మారుతుంది, 60 సెకన్లలోపు ఆ పోర్ట్ మీద వినడం మొదలుపెట్టకపోతే యాప్‌ను చంపేసి ఆర్10 అనే కోడ్ చూపిస్తుంది. అందుకే నంబరు కోడ్‌లో రాసేయకండి, వేరియబుల్‌లోంచే తీసుకోండి.

రెండు, అడ్రస్. 127.0.0.1 మీద వింటున్న యాప్‌కి అదే మెషిన్ లోపలి నుంచి పిలిచినవాళ్లే వినబడతారు. ప్లాట్‌ఫామ్ రౌటర్ ఉండేది బయట. అది తలుపు తట్టినా లోపలికి చేరదు. 0.0.0.0 మీద వినమని చెప్పాలి. యువికార్న్‌కి దీన్ని హోస్ట్ అనే ఆప్షన్‌గా ఇవ్వాలి. గునికార్న్ మాత్రం పోర్ట్ వేరియబుల్ కనబడితే తనంతట తానే 0.0.0.0 మీద ఆ నంబరుతో వింటుంది. మీరు బైండ్ ఆప్షన్‌తో వేరే అడ్రస్ ఇచ్చి దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు.

లాగ్‌లో "లిజనింగ్ ఎట్" అన్న లైను వెతికి, దాని పక్కనున్న అడ్రస్, నంబరు చదవండి. విషయం అక్కడే తేలిపోతుంది.

"ఫెయిల్డ్ టు ఫైండ్ ఆట్రిబ్యూట్ యాప్" అంటే ఏమిటి?

గునికార్న్‌కి మీరిచ్చే మాటలో రెండు భాగాలుంటాయి: కోలన్‌కి ముందు ఫైల్ పేరు, తర్వాత ఆ ఫైల్‌లోని వేరియబుల్ పేరు. మెయిన్ ఫైల్‌లో యాప్ అనే వేరియబుల్ ఉంటే "మెయిన్, కోలన్, యాప్". ఫైల్ పేరు చివర డాట్ పీవై పెట్టకూడదు. మీ వేరియబుల్ పేరు సర్వర్ అయితే యాప్ అని రాస్తే ఈ ఎర్రరే వస్తుంది. జాంగోలో ప్రాజెక్టు ఫోల్డర్ పేరు, డాట్, డబ్ల్యూఎస్‌జీఐ అని రాస్తే చాలు. అక్కడ వేరియబుల్ పేరు అప్లికేషన్, గునికార్న్ మామూలుగా వెతికేదీ అదే.

ప్రాక్‌ఫైల్ పెట్టాను, కానీ దాన్ని గుర్తించడం లేదు.

యాప్‌ను ఏ కమాండ్‌తో మొదలుపెట్టాలో హెరోకుకి చెప్పే ఆ ఫైల్‌కి ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు. నోట్‌ప్యాడ్ చెప్పకుండా డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది. మొదటి అక్షరం పెద్దదిగా, ప్రాజెక్టు పై ఫోల్డర్‌లోనే ఉండాలి.

వర్కర్లు ఎన్ని పెట్టాలి?

గునికార్న్ పత్రాల్లో సూత్రం: కోర్ల సంఖ్యకి రెట్టింపు, పైన ఒకటి. చిన్న ప్లాన్‌లో దాన్ని గుడ్డిగా పాటించవద్దు. ప్రతి వర్కర్ విడి ప్రాసెస్, మీ యాప్ మొత్తాన్నీ తన మెమరీలో విడిగా మోస్తుంది. ఒక్కోటి 150 ఎంబీ తింటుంటే 512 ఎంబీ ప్లాన్‌లో నాలుగు పట్టవు. రెండుతో మొదలుపెట్టి మెమరీ గ్రాఫ్ చూస్తూ పెంచండి. యాప్ ఉన్నట్టుండి ఆగిపోయి ఎగ్జిట్ కోడ్ 137 అని కనబడితే ముందుగా మెమరీనే అనుమానించండి. బలవంతంగా ప్రాసెస్‌ను చంపినప్పుడు వచ్చే నంబరు అది.

## డేటాబేస్, ఫైళ్లు

యూజర్లు ఎక్కించిన ఫోటోలు మర్నాటికి మాయమయ్యాయి. ఎక్కడికి పోయాయి?

పోయాయి, తిరిగి రావు. ఈ మాట చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది, అందుకే మొదటి యూజర్ రాకముందే ఇది చదవాలని నా కోరిక. ఇలాంటి ప్లాట్‌ఫామ్‌లలో యాప్ ఉండే డిస్క్ తాత్కాలికం. డిప్లాయ్ చేసినా, రీస్టార్ట్ అయినా పాత డిస్క్ పారేసి మీ రిపాజిటరీలోంచి కొత్తది తయారుచేస్తుంది. హెరోకులో మీరేమీ చేయకపోయినా రోజుకి ఒకసారైనా రీస్టార్ట్ జరుగుతుంది. మధ్యలో డిస్క్ మీద రాసినదేదీ మిగలదు.

యూజర్ల ఫైళ్లు ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టండి, డేటాబేస్‌లో దాని అడ్రస్ మాత్రమే ఉంచండి. జాంగోలో జాంగో-స్టోరేజెస్ లైబ్రరీ పెడితే మోడల్ కోడ్ మార్చకుండానే పని జరుగుతుంది. ఎస్‌క్యూలైట్‌కీ ఇదే గతి, అది కూడా డిస్క్ మీద ఒక ఫైలే. ప్లాట్‌ఫామ్ ఇచ్చే శాశ్వత డిస్క్ తగిలించుకుంటే ఎస్‌క్యూలైట్ నడుస్తుంది, కానీ యాప్‌ను ఒక్క మెషిన్‌కే కట్టేసుకున్నట్టు. మొదటి నుంచే పోస్ట్‌గ్రెస్ పెట్టుకోమంటాను.

డేటాబేస్ యూఆర్ఎల్ సరిగ్గానే ఇచ్చాను, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ తీసుకోవడం లేదు.

పైథాన్ కోడ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ. యూఆర్ఎల్ మొదటి పదం చూడండి. పోస్ట్‌గ్రెస్ అని ఉంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని మార్చాలి. 2021లో వచ్చిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.4 నుంచి ఆ పొట్టి పేరు చెల్లదు. హెరోకు మాత్రం ఇప్పటికీ పొట్టి పేరుతోనే ఇస్తుంది. కోడ్‌లో రీప్లేస్‌తో ఒక్క లైను సరిపోతుంది.

ఇద్దరు ముగ్గురు యూజర్లే ఉన్నారు, "టూ మెనీ క్లయింట్స్" అంటోంది!

కనెక్షన్లు తెరిచేది యూజర్లు కాదు, వర్కర్లు. లెక్క వేద్దాం. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పూల్ (మళ్లీ మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు) మామూలుగా 5 కనెక్షన్లు ఉంచుకుంటుంది, అవసరమైతే ఇంకో 10 తెరుస్తుంది. అంటే ఒక్కో ప్రాసెస్‌కి 15 దాకా. నాలుగు వర్కర్లకి 60. డిప్లాయ్ చేసేటప్పుడు కాసేపు పాతది, కొత్తది రెండూ నడుస్తాయి కాబట్టి 120 దాకా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100. చిన్న ప్లాన్లలో ఇంకా తక్కువే ఇస్తారు. పూల్ సైజు తగ్గించండి, ఇంకా చాలకపోతే కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్‌ను మధ్యలో పెట్టండి.

మైగ్రేషన్లు ఎప్పుడు నడపాలి?

డేటాబేస్ టేబుళ్ల ఆకారంలో చేసే మార్పులే మైగ్రేషన్లు. జాంగోలో మేక్‌మైగ్రేషన్స్ మీ కంప్యూటర్లో చేసి, వచ్చిన ఫైళ్లను కమిట్ చేయాలి. సర్వర్‌లో నడిచేది మైగ్రేట్ ఒక్కటే, అది కూడా కొత్త కోడ్ మొదలయ్యే ముందు. హెరోకులో దీనికి రిలీజ్ దశ ఉంది. మిగతావాటిలో కూడా ఇలాంటి సెట్టింగు ఉంటుంది. గునికార్న్ కమాండ్ ముందే మైగ్రేట్ అతికించేస్తే రెండు మెషిన్లు ఒకేసారి లేచినప్పుడు రెండూ ఒకే టేబుల్ మీద పడతాయి.

జాంగో అడ్మిన్ పేజీ సీఎస్‌ఎస్ లేకుండా బోసిగా వస్తోంది.

డీబగ్ ఆఫ్ అయితే స్టాటిక్ ఫైళ్లు పంపడం జాంగో మానేస్తుంది. స్టాటిక్ రూట్ ఫోల్డర్ పేరు ఇచ్చి, బిల్డ్ సమయంలో కలెక్ట్‌స్టాటిక్ నడిపి, ఆ ఫైళ్లను పంపే వైట్‌నాయిస్ మిడిల్‌వేర్‌ను సెక్యూరిటీ మిడిల్‌వేర్ వెంటనే కింద పెట్టండి. చిన్న, మధ్య రకం యాప్‌లకి ఇది చాలు.

## జనం వాడటం మొదలుపెట్టాక

ఐదు వందల ఎర్రర్ వస్తోంది, ఏమీ అర్థం కావడం లేదు. ఎక్కడ చూడాలి?

బ్రౌజర్లో కాదు, లాగ్‌లో. పొడవైన ట్రేస్‌బ్యాక్ చూసి కంగారు పడకుండా అడుగు నుంచి చదవండి. చివరి లైను ఏం జరిగిందో చెబుతుంది, ఉదాహరణకి "కీఎర్రర్: సీక్రెట్ కీ". దానిపైన మీ సొంత ఫైల్ పేరు కనబడే లైను ఎక్కడ జరిగిందో చెబుతుంది. మధ్యలో ఫ్లాస్క్, వెర్క్‌జూగ్ పేర్లున్న ఇరవై లైన్లు దాటేయొచ్చు. ఈ రెండు లైన్లు కలిపితే "సెట్టింగుల ఫైల్ 12వ లైనులో సీక్రెట్ కీ వేరియబుల్ దొరకలేదు, ప్లాట్‌ఫామ్‌లో పెట్టడం మర్చిపోయాను" అని తేలుతుంది. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు కూడా స్క్రీన్ ఫోటో కాకుండా ఈ లైన్లనే పంపండి.

మీ ప్రింట్ మాటలు లాగ్‌లో ఆలస్యంగా వస్తుంటే పైథాన్‌అన్‌బఫర్డ్ అనే వేరియబుల్‌కి 1 ఇవ్వండి.

జాంగోలో ఏ పేజీకి వెళ్లినా 400, ఫారం పంపితే 403. ఎందుకు?

400 వస్తే అలౌడ్ హోస్ట్స్‌లో మీ డొమైన్ లేదు. నక్షత్రం గుర్తు (*) పెట్టి అన్నిటినీ అనుమతించే బదులు అసలు పేరు రాయండి. ఫారం దగ్గర మాత్రమే 403 వస్తే సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ చూడండి. జాంగో 4.0 నుంచి అక్కడ డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు కూడా ఉండాలి.

పెద్ద రిపోర్ట్ తయారుచేసే పేజీ సగంలో తెగిపోతోంది.

గునికార్న్ మామూలుగా 30 సెకన్లు చూసి కదలని వర్కర్‌ను చంపేస్తుంది, లాగ్‌లో "వర్కర్ టైమౌట్" అని ఉంటుంది. హెరోకు రౌటర్ కూడా 30 సెకన్లే ఆగుతుంది, దాన్ని మీరు పెంచలేరు. అందుకని టైమౌట్ పెంచడం మందు కాదు. రిక్వెస్ట్ రాగానే పనిని సెలెరీ లేదా ఆర్‌క్యూ (పనులను వరుసలో పెట్టి వెనకాల చేయించే లైబ్రరీలు) వరుసలో వేసి, "తయారవుతోంది" అని వెంటనే జవాబివ్వండి. వెనకాల వేరే వర్కర్ ప్రాసెస్ ఆ పని పూర్తిచేస్తుంది.

టైమ్ అంతా గంటల తేడాతో చూపిస్తోంది.

సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) ఉంటుంది. దాన్ని మార్చకండి. డేటాబేస్‌లో యూటీసీ ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే యూజర్ సమయానికి మార్చండి.

సొంత డొమైన్ తగిలించాను, ఇంకా రావడం లేదు.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో మొదలయ్యే పేరుకి సీనేమ్ రికార్డ్ (ఈ పేరు ఫలానా పేరుకి మారుపేరు అని చెప్పేది) పెట్టండి. ముందు ఏమీ లేని ఉత్త పేరుకి సీనేమ్ కుదరదు. ఇంగ్లీషు A అక్షరం పేరుతో ఉండే రికార్డ్ గానీ, మీ డొమైన్ సంస్థ ఇచ్చే ఏలియాస్ గానీ వాడాలి. పాత రికార్డ్ టీటీఎల్ (దాన్ని గుర్తుంచుకునే గడువు) గడిచేదాకా కొందరికి పాతదే కనబడుతుంది. సర్టిఫికెట్‌ను ప్లాట్‌ఫామే తెచ్చుకుంటుంది, గడువు ముగిసేలోపు తానే మారుస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకి చాలాకాలంగా ఉన్న గడువు 90 రోజులు.

కొత్త వెర్షన్ పెట్టగానే అంతా పాడైంది. వెనక్కి వెళ్లడం ఎలా?

ముందు వెనక్కి వెళ్లండి, కారణం తర్వాత వెతుకుదురు. ప్లాట్‌ఫామ్ పేజీలో పాత డిప్లాయ్‌ల జాబితా ఉంటుంది. చివరిసారి బాగా నడిచినదాన్ని ఎంచి రోల్‌బ్యాక్ నొక్కితే నిమిషాల్లో పాత కోడ్ వచ్చేస్తుంది.

వెనక్కి వెళ్లేది కోడ్ మాత్రమే. డేటాబేస్ అక్కడే ఉంటుంది. కొత్త వెర్షన్‌లో ఒక కాలమ్ తీసేసి ఉంటే, పాత కోడ్ ఆ కాలమ్ కోసం వెతికి మళ్లీ కూలుతుంది. అందుకే కాలమ్ తీసే పని రెండు డిప్లాయ్‌లుగా చేస్తాను. మొదటిదాంట్లో కోడ్ ఆ కాలమ్‌ను వాడటం మానేస్తుంది. కొన్ని రోజులు నిశ్చింతగా నడిచాక, రెండోదాంట్లో కాలమ్ తీస్తాను. అలా తీసే ముందు పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ కమాండ్ పీజీ డంప్‌తో బ్యాకప్ తీసి, దాన్ని ఒక ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, టేబుళ్లలో వరుసలు సరిపోయాయో లేదో లెక్కపెట్టి చూస్తాను.